మడమల పగుళ్లు పోయి పాదాలు మెత్తబడాలంటే ఇంట్లో ఏం చేయాలి?

"ఏ క్రీమ్ రాస్తే పగుళ్లు పోతాయండీ?" కార్తీకం వచ్చిందంటే గుంటూరులోని మా పార్లర్‌లో అందరూ అడిగేది ఇదే. పెళ్లి కుదిరిన అమ్మాయిలు అడుగుతారు. పొద్దున్నుంచి రాత్రిదాకా బట్టల షాపులో నిలబడి పనిచేసే పిల్లలు అడుగుతారు. విజయవాడ నుంచి ఫోన్ చేసి, "మా ఆయన మాల విరమించి వచ్చారు, కాళ్లు చూడలేకపోతున్నాం" అనేవాళ్లూ ఉంటారు. విడివిడిగా అందరికీ చెప్పే మాటల్నే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ముందుగా అసలు సంగతి. క్రీమ్ పేరు కన్నా దాన్ని ఎప్పుడు రాస్తున్నారు, రాశాక పాదాన్ని ఎలా ఉంచుతున్నారు అన్నదే ముఖ్యం. రాయితో రుద్దీ రుద్దీ పాడుచేసుకున్న మడమలే మా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. రుద్దడం తగ్గించండి, రాత్రిపూట తేమ పట్టించి మూసి ఉంచండి. మిగిలినదంతా ఈ రెండింటినీ సరిగ్గా చేయడం ఎలాగన్నదే.

అరికాలి చర్మంలో చెమట గ్రంథులు బోలెడన్ని ఉంటాయి గానీ నూనె గ్రంథులు ఒక్కటీ ఉండవు. ముఖానికి జిడ్డు దానంతటదే పడుతుంది, మడమకు మనం పట్టించాల్సిందే. నిలబడినప్పుడు ఒంటి బరువు పడి మడమ కింద ఉండే మెత్త పక్కలకు సాగుతుంది. చర్మం మెత్తగా ఉంటే దాంతోపాటు సాగుతుంది, ఎండి మందంగా ఉంటే అంచున చిట్లుతుంది. అందుకే వెనక పట్టీ లేని చెప్పులు వేసుకునేవాళ్లకీ, గంటల తరబడి నిలబడేవాళ్లకీ, బరువు ఎక్కువున్నవాళ్లకీ పగుళ్లు ఎక్కువ. గట్టిగా రుద్దితే ఆ ఒరిపిడికి చర్మం ఇంకా మందంగా పెరుగుతుంది. కారణాల గురించి ఇంతవరకూ తెలిస్తే చాలు.

మొదలుపెట్టే ముందు కాళ్లు చూసుకోండి

పగటి వెలుతురులో కిటికీ దగ్గర కూర్చుని, కాలు మోకాలి మీద పెట్టుకుని అరికాలు మొత్తం చూడండి. వంగలేని పెద్దవాళ్లయితే ఇంట్లోవాళ్లు చూడాలి, లేదా ఫోన్‌తో ఫొటో తీసి చూపించాలి.

మడమ అంచు చుట్టూ తోలు గట్టిపడి, పసుపు పచ్చగానో గోధుమ రంగులోనో ఉండి, అందులో నిలువు గీతల్లా పగుళ్లు ఉంటే అవి మామూలు పొడి పగుళ్లు. ఈ పద్ధతి వాటికోసమే.

అరికాలంతా సన్నని తెల్లటి పొట్టు లేస్తూ, ముఖ్యంగా చర్మం గీతల వెంబడి పొట్టు కనిపిస్తూ, ఎంత క్రీమ్ రాసినా తగ్గకుండా ఉంటే ఫంగస్ అయ్యే అవకాశం ఉంది. వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని ఊడుతూ, దురద పెడుతూ, వాసన వస్తుంటే అదీ ఎక్కువగా ఫంగసే. దానికి వాజెలిన్ పనిచేయదు. క్లోట్రిమజోల్, టెర్బినాఫిన్ లాంటి ఫంగస్ క్రీములు కావాలి. దురద తగ్గాక కూడా డాక్టర్ చెప్పినన్ని వారాలూ రాయాలి. ఎర్రటి మందపాటి మచ్చలు అరచేతులకు, మోకాళ్లకు కూడా ఉంటే అది సోరియాసిస్ కావచ్చు, దానికి ఇంటి వైద్యం వద్దు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మెడికల్ షాపులో "దురదకి ఏదైనా ఇవ్వండి" అని అడిగితే, ఫంగస్ మందు, స్టెరాయిడ్ రెండూ కలిసిన ట్యూబు చేతిలో పెట్టడం మామూలైపోయింది. ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోబెటాసోల్ అనే పేర్లు ఉంటే డాక్టర్ రాస్తే తప్ప వాడకండి. దురద రెండు రోజుల్లో తగ్గినట్టే ఉంటుంది, లోపల ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది.

షుగర్ ఉన్నవాళ్లు ఈ మాట తప్పకుండా చదవండి. పాదాలకు తిమ్మిర్లు, స్పర్శ తగ్గడం, ఎప్పుడైనా పుండు పడి మానకపోవడం ఉంటే కాళ్లు నానబెట్టడం, రాయితో రుద్దడం, ఆనెకాయల పట్టీలు అంటించడం ఏదీ చేయొద్దు. వేడి తెలియక కాళ్లు కాల్చుకుంటారు, గీరుకుంది తెలియక పుండు చేసుకుంటారు. మీరు చేయాల్సింది మూడే: రోజూ కడిగి ఆరబెట్టుకోవడం, వేళ్ల సందులు వదిలేసి క్రీమ్ రాయడం, రోజూ అరికాలు చూసుకోవడం. పగులు ఉంటే నేరుగా డాక్టర్ దగ్గరికే వెళ్లండి.

కావలసినవి

రెండు పాదాలూ పట్టే వెడల్పాటి టబ్. గోరువెచ్చని నీళ్లు. ఒంటికి వాడే మామూలు సబ్బు లేదా కాస్త షాంపూ. కాళ్లు రుద్దే రాయి, అంటే మార్కెట్లో ప్యూమిస్ స్టోన్ అని అమ్మేది. మెత్తటి పాత తువ్వాలు. నేరుగా కత్తిరించే నెయిల్ కట్టర్. వాజెలిన్ లాంటి పెట్రోలియం జెల్లీ. బిగుతు లేని కాటన్ సాక్సులు రెండు జతలు.

వీటితోపాటు యూరియా ఉన్న ఫుట్ క్రీమ్ ఒకటి. మెడికల్ షాపులో అడిగితే 10 శాతం, 20 శాతం అని దొరుకుతాయి. మామూలు పొడిబారుడుకి 10 చాలు. మడమ బాగా మందంగా ఉంటే 20 నుంచి 25. 40 శాతం క్రీములు డాక్టర్ చెబితేనే వాడాలి. యూరియా మన చర్మంలో సహజంగానే ఉంటుంది, నీటిని పట్టి ఉంచుతుంది, గట్టి తోలును మెత్తబరుస్తుంది. పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక రైతు గారు "మా ఇంట్లో బస్తా ఉందమ్మా, కలుపుకోవచ్చా?" అని నిజంగానే అడిగారు. వద్దు. పొలానికి చల్లే ఎరువును ఒంటికి వాడే శుద్ధిలో తయారుచేయరు, ఎంత కలపాలో కూడా మనకు తెలియదు.

క్రీమ్ కొనే స్తోమత లేకపోతే బెంగపడకండి. వాజెలిన్ ఒక్కటి ఉన్నా పని జరుగుతుంది, కాకపోతే కాస్త ఎక్కువ రోజులు పడుతుంది.

చేసే విధానం

1. పడుకునే ముందు అరగంట ఖాళీ పెట్టుకోండి. రాత్రే ఎందుకంటే, రాసిన తర్వాత నడవకూడదు. పొద్దున క్రీమ్ రాసి వంటింట్లోకి వెళితే అది మడమకు కాదు, టైల్స్‌కి పడుతుంది. పైగా జారి పడతారు.

2. టబ్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి కాస్త షాంపూ కలపండి. వేడి ఎంతుందో కాలితో కాదు, మోచేత్తో చూడండి. మోచేతికి హాయిగా అనిపించాలి, చురుక్కుమనకూడదు. పాదాలు పది నిమిషాలు, మరీ మందంగా ఉంటే పదిహేను నిమిషాలు ఉంచండి. అంతకుమించి నానబెడితే చర్మంలో ఉన్న తేమ కూడా పోయి, ఆరాక ఇంకా బిగుసుకుంటుంది. చాలామంది సీరియల్ అయ్యేదాకా కాళ్లు నీళ్లలోనే ఉంచుతారు, అది పొరపాటు. కళ్లుప్పు వేయాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. పగులు పచ్చిగా ఉంటే ఉప్పు మండుతుంది, అంతకుమించి ఒరిగేదేమీ లేదు.

3. కాళ్లు పైకి తీసి తువ్వాలుతో పైపైన అద్దండి. తోలు ఇంకా మెత్తగా ఉండగానే ప్యూమిస్ రాయిని తడిపి, ఒకే దిశలో మెల్లగా రుద్దండి. ఒక్కో మడమకు రెండు మూడు నిమిషాలు చాలు. తెల్లటి మురికిలా వచ్చేది పోనివ్వండి. లోపలి చర్మం గులాబీ రంగులో కనిపించినా, చురుక్కుమన్నా అక్కడితో ఆపేయండి. ఇంకాస్త గట్టిదనం మిగిలిందనిపిస్తుంది, మిగలనివ్వండి. ఆ కాస్త మందం నడవడానికి కావాలి. మొత్తం ఒకే రోజు తీసేయాలన్న ఆత్రమే అసలు శత్రువు.

వారానికి రెండుసార్లు మాత్రమే రుద్దండి. మిగతా రోజులు కడగడం, ఆరబెట్టడం, రాయడం అంతే. ఇటుక ముక్క, స్నానాల గదిలో గచ్చు అంచు, సిమెంటు మెట్టు, వీటికి రుద్దే అలవాటు మానేయండి. వాటి గరుకుకు కంటికి కనపడని గీతలు పడి, అక్కడి నుంచే కొత్త పగుళ్లు మొదలవుతాయి. బ్లేడుతో తోలు కోయడం ఎవరూ చేయకూడదు.

పగులు లోతుగా ఉండి రక్తం కనిపిస్తుంటే ఈ మెట్టు మొత్తం వదిలేయండి. అలాంటి చోట రాయి తగలనివ్వకూడదు.

4. పాదం ఆరబెట్టండి. వేళ్ల సందుల్లో తువ్వాలు అంచు దూర్చి ఒక్కో సందూ తుడవండి. విజయవాడలో వానాకాలం ఉక్కపోతకి వేళ్ల సందుల్లో తడి మిగిలిందంటే వారం తిరిగేసరికి ఫంగస్ పట్టుకుంటుంది.

5. మూడు నాలుగు నిమిషాల్లోపే, చర్మం ఇంకా కాస్త చెమ్మగా ఉండగానే యూరియా క్రీమ్ రాయండి. ఒక్కో పాదానికి శనగగింజ అంత తీసుకుని మడమ, అరికాలు, పాదం అంచులు మర్దనా చేయండి. వేళ్ల సందుల్లో వద్దు. పూర్తిగా ఆరిపోయిన మడమ మీద ఎంత ఖరీదైన క్రీమ్ రాసినా లోపల పట్టి ఉంచడానికి తేమే ఉండదు.

6. రెండు నిమిషాలు ఆగి మడమ మీద వాజెలిన్ పలచగా పూయండి. తేమ ఆవిరైపోకుండా మూతలా పనిచేసేది ఇదే. చాలామంది వదిలేసే మెట్టు కూడా ఇదే.

7. కాటన్ సాక్సు వేసుకుని పడుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లలో రాత్రి సాక్సులంటే భరించలేరు, నిజమే. పాత కాటన్ సాక్సు ముందు భాగం కత్తిరించి మడమకు మాత్రమే వచ్చేలా చేసుకోండి. వేళ్లకు గాలి తగులుతుంది, దుప్పటికి జిడ్డూ అంటదు. ప్లాస్టిక్ కవర్లు చుట్టుకోవద్దు, చెమటకు వేళ్లు నానిపోతాయి.

8. పొద్దున స్నానం చేయగానే మళ్లీ కాస్త క్రీమ్, చెప్పులు వేసుకునే ముందు. రోజుకు రెండుసార్లు పడితేనే ఫలితం త్వరగా కనిపిస్తుంది.

పగులు పచ్చిగా ఉంటే

యూరియా క్రీమ్ పచ్చి పగులులో పడితే బాగా మండుతుంది. భయపడి మొత్తం వైద్యమే మానేస్తారు. అందుకే మొదటి నాలుగైదు రాత్రులు వాజెలిన్ ఒక్కటే వాడండి. కాలు కడిగి, ఆరబెట్టి, పగులు నిండేలా వాజెలిన్ నింపి, పైన శుభ్రమైన గాజుగుడ్డ ఒక మడత వేసి సాక్సు తొడగండి. పగటిపూట నడిచేటప్పుడు పగులు మళ్లీ తెరుచుకోకుండా దానికి అడ్డంగా ప్లాస్టర్ అంటించండి, రోజూ మార్చండి. లోపలి ఎరుపు పోయి అంచులు దగ్గరపడ్డాక యూరియా మొదలుపెట్టండి. చుట్టూ ఎర్రగా వాచి, వేడిగా ఉండి, చీము వస్తే ఆ రోజే డాక్టర్‌కి చూపించండి. గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లోనూ విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనూ చర్మవ్యాధుల ఓపీ ఉంది.

మిర్చి యార్డులో పనిచేసేవాళ్లకీ, కోతలకు వెళ్లేవాళ్లకీ ఇంకో బాధ ఉంటుంది. పగుళ్లలో కారం దూరితే ఆ మంట మాటల్లో చెప్పలేం. వెంటనే చల్లనీళ్లు పోసుకుంటారు, కాసేపు హాయిగా ఉండి మళ్లీ మొదలవుతుంది. కారంలోని మంట పుట్టించే పదార్థం నీళ్లలో సరిగ్గా కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి ముందు కొబ్బరి నూనెలో ముంచిన దూదితో మెల్లగా తుడవండి, ఆ దూది పారేసి ఇంకో దూదితో మళ్లీ తుడవండి, తర్వాత సబ్బుతో కడగండి. పనికి వెళ్లే ముందే పగుళ్లలో వాజెలిన్ నింపి, ప్లాస్టర్ వేసి, ముందూ వెనకా మూసి ఉండే బూట్లు తొడుక్కుంటే ఈ బాధే ఉండదు.

ఇంటి చిట్కాల్లో పనికొచ్చేవి, పనికిరానివి

ఆముదం మంచిది. చిక్కగా ఉంటుంది, చర్మానికి అంటుకుని ఉంటుంది. వాజెలిన్ బదులు ఆరో మెట్టులో రాయొచ్చు. కొబ్బరి నూనె కూడా సరే, కానీ పలచన కాబట్టి త్వరగా ఇంకిపోతుంది.

కొవ్వొత్తి మైనం కరిగించి కొబ్బరి నూనె కలిపి రాయడం మన ఇళ్లలో పాత పద్ధతే. పగులును మూసి ఉంచడం వరకు బాగానే పనిచేస్తుంది. రంగు, సువాసన లేని తెల్ల కొవ్వొత్తి తీసుకోండి. గిన్నెను నేరుగా మంట మీద పెట్టకుండా మరిగే నీళ్లలో పెట్టి కరిగించండి. పూర్తిగా చల్లారి ముద్దయ్యాకే రాయాలి. వేడి మైనం పగులులో పోసుకుని బొబ్బలెక్కినవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయకండి.

నలుగుపిండి రాయికన్నా మెత్తగా పనిచేస్తుంది. పెసరపిండి, కాస్త పెరుగు కలిపి పాదం పైభాగానికి రాసి, ఆరకముందే తడిచేత్తో రుద్ది కడిగేయండి. పైచర్మం పలచన కాబట్టి అక్కడ రాయి వాడకూడదు, నలుగుపిండి సరిపోతుంది.

నిమ్మచెక్కతో రుద్దడం వద్దు. నిమ్మరసం పడిన చర్మానికి మన ఎండ తగిలితే కాలినట్టు నల్ల మచ్చలు పడతాయి, అవి పోవడానికి నెలలు పడుతుంది. వంటసోడా, టూత్‌పేస్ట్ కూడా వద్దు, రెండూ చర్మాన్ని ఇంకా ఎండబెడతాయి.

అన్నిటికన్నా ముందు, బట్టలు ఉతికేటప్పుడు సర్ఫ్ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడం మానండి. ఎన్ని రాసినా పగుళ్లు తగ్గడం లేదన్న ఆడవాళ్లను అలా కూర్చుంటారా అని అడిగి చూడండి, చాలామందికి ఆ అలవాటు ఉంటుంది. చిన్న పీట వేసుకోండి, రబ్బరు చెప్పులు వేసుకోండి. బాత్‌రూమ్ యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ వాడేటప్పుడు వట్టికాళ్లతో అసలు నిలబడొద్దు.

గోళ్లు, మెట్టెలు, పసుపు

గోళ్లు స్నానం తర్వాత మెత్తగా ఉన్నప్పుడు తీసుకోండి. నేరుగా, వేలి కొన వరకే కత్తిరించాలి. మూలలు లోపలికి గుండ్రంగా కోస్తే బొటనవేలి గోరు పక్క చర్మంలోకి పెరిగి, వాచి, చీము పడుతుంది. గోరు మొదట్లో ఉండే సన్నని చర్మాన్ని కోయకండి, తడిగుడ్డతో వెనక్కి నెట్టండి చాలు. గోరులోకి క్రిములు వెళ్లకుండా కాపాడేది అదే, దాన్ని కోస్తే గోరుచుట్టు వస్తుంది.

గోళ్లు పచ్చబడ్డాయని కంగారుపడేవాళ్లు ఇలా చూసుకోండి. పసుపు వల్ల గానీ, ముదురు రంగు నెయిల్ పాలిష్ వల్ల గానీ వచ్చిన పచ్చదనం గోరు పైనే ఉంటుంది, గోరు మామూలు మందంలో, నునుపుగా ఉంటుంది. ఫంగస్ అయితే గోరు మందమై, కొన నుంచి పెళుసుగా విరిగి, కింద పొడిలాంటిది చేరుతుంది. మొదటిది గోరు పెరిగేకొద్దీ పోతుంది. కాలి బొటనవేలి గోరు మొత్తం కొత్తగా రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, కాబట్టి ఓపిక కావాలి. రెండోదానికి డాక్టర్ మందే. పాలిష్ వేసి దాచేస్తే లోపల పెరుగుతూ పోతుంది. పాలిష్ వేసుకునేవాళ్లు కింద రంగులేని బేస్ కోట్ వేయండి, నెలలో ఒక వారం గోళ్లను ఖాళీగా వదలండి.

మెట్టెల కింద ఎవరూ చూడరు. తిప్పి చూడండి, తెల్లగా నానిన చర్మం, సబ్బు మురికి కనిపిస్తాయి. స్నానంలో మెట్టె తిప్పుతూ కడిగి, తువ్వాలు కొసతో లోపల తుడవాలి. వేలికి గాడి పడేంత బిగుతుంటే వెండి పనివాడి చేత సాగదీయించుకోండి. మెట్టె ఉన్నచోటే దురద, నల్లటి పొక్కులు వస్తుంటే అది నిఖార్సైన వెండి కాకపోవచ్చు. చవక లోహాల్లో కలిసే నికెల్ చాలామందికి పడదు.

పసుపు, పారాణి మనకు శుభం, మానమని చెప్పను. అయితే పసుపులో సున్నం కలిపి చేసే పారాణి పచ్చి పగుళ్లకు తగిలితే మండుతుంది, పైగా గీతల్లో ఇంకి పగుళ్లను ఇంకా ఎర్రగా ఎత్తి చూపిస్తుంది. రాసుకునే ముందు మడమ అంచుకు వాజెలిన్ పూయండి. గోరింటాకు చెట్టుదైతే నిశ్చింత. ఆకు ఎప్పుడూ నారింజ నుంచి ముదురు ఎరుపే పండుతుంది. గంటలోపే నల్లగా పండుతుందని అమ్మే కోన్లలో జుట్టు రంగులో వాడే రసాయనం కలిపి ఉండొచ్చు, దానివల్ల బొబ్బలు వస్తాయి.

చెప్పుల గుర్తులు, చీలమండ నలుపు

స్కూటీ మీద విజయవాడ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర నిలబడితే ఎండ ఎక్కువగా తగిలేది పాదాల పైభాగానికే. ముఖానికి సన్‌స్క్రీన్ రాసుకున్న చేత్తోనే పాదాలకూ రాయండి, ఎస్‌పీఎఫ్ 30 గానీ అంతకుమించి గానీ. బయటే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ. బండి నడిపేవాళ్లకు పలచని కాటన్ సాక్సులు ఇంకా మేలు. ఎండ తగలకుండా చూస్తే పట్టీల గుర్తులు కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో వాటంతటవే కలిసిపోతాయి. ఎండను ఆపకుండా ప్యాకులు, బ్లీచులు వేయడం డబ్బు దండగ.

చీలమండ బయటి ఎముక మీద నల్లగా, గరుకుగా ఉండే మచ్చ ఎండది కాదు. బాసింపట్టు వేసుకుని గచ్చు మీద కూర్చున్నప్పుడు పడే ఒరిపిడిది. కింద మెత్తటి దుప్పటి మడతేసుకోండి, 10 శాతం యూరియా క్రీమ్ రోజూ రాయండి. ఒరిపిడి ఆగకుండా మచ్చ పోదు.

దీక్షలో ఉన్నవాళ్లకి, గుడికి వెళ్లేవాళ్లకి

భవానీ దీక్షయినా అయ్యప్ప దీక్షయినా మండలం పాటు వట్టికాళ్లతో నడక, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, అదీ చలికాలంలో. పాదాలు పగలడానికి కావాల్సినవన్నీ ఒకేచోట చేరతాయి. స్వాములు మాల వేసుకోవడానికి పదిహేను రోజుల ముందే పై పద్ధతి మొదలుపెడితే మంచిది. దీక్షలో నూనె, క్రీములు వాడొచ్చా అన్నది మీ గురుస్వామిని అడగండి. కొబ్బరి నూనెకు ఒప్పుకుంటే రాత్రి కాళ్లు కడిగి, తుడిచి, చెమ్మ ఉండగానే రాసి పడుకోండి. విరమించి వచ్చిన మర్నాడే రాయి పట్టుకోవద్దు. మొదటి వారం వాజెలిన్, సాక్సులు మాత్రమే.

వేసవి మధ్యాహ్నం ఇంద్రకీలాద్రి మీద గానీ ఏ గుడిలో గానీ రాతి గచ్చు మీద నడిస్తే అరికాళ్లు కాలతాయి. మందపాటి సాక్సులు సంచిలో పెట్టుకోండి, లేదా పొద్దున్నే వెళ్లండి. స్పర్శ తగ్గిన షుగర్ పేషెంట్లు మధ్యాహ్నం వట్టికాళ్లతో అసలు నడవకూడదు, బొబ్బ లేచేదాకా వాళ్లకు తెలియదు. కాలితే ఇరవై నిమిషాలు మామూలు కుళాయి నీళ్లు పోయండి. ఐస్, టూత్‌పేస్ట్ పెట్టొద్దు, బొబ్బ చిదమొద్దు.

పార్లర్‌కి వెళితే, పెళ్లి దగ్గర పడితే

పెడిక్యూర్‌కి ముందు టబ్ కడిగారా, కట్టర్లు స్టెరిలైజ్ చేశారా అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు, నా పార్లర్‌లో అడిగినా నాకు సంతోషమే. నెయిల్ కట్టర్, రాయి మీవి మీరే తీసుకెళ్లడం ఇంకా మంచిది. బ్లేడు తీస్తే వద్దని చెప్పండి. కాళ్లకు షేవింగ్, వాక్సింగ్ చేసుకున్న మర్నాడే పెడిక్యూర్ వద్దు. చేపల పెడిక్యూర్ జోలికి వెళ్లొద్దు, చేపలు ఉండగా ఆ నీళ్లను ఒక మనిషికీ ఇంకో మనిషికీ మధ్య క్రిమిరహితం చేయడం కుదరదు.

పీలింగ్ సాక్సులు ఈమధ్య అందరూ ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు. అందులో ఉండే ఆమ్లాలకు నాలుగైదు రోజుల తర్వాత తోలు ఊడటం మొదలై, రెండు వారాల దాకా సాగుతుంది. పెళ్లి వారంలో వేసుకుంటే పీటల మీద కూర్చునేసరికి పాదాలు పొరలు పొరలుగా ఉంటాయి. వేసుకోవాలంటే కనీసం నెల ముందు, అదీ పగుళ్లు, పుండ్లు, షుగర్ లేనివాళ్లే. గర్భిణులు డాక్టర్‌ని అడగాలి.

పెళ్లికి ఆరు వారాల ముందు రాత్రి పద్ధతి మొదలుపెట్టండి. మూడు నాలుగు రోజుల ముందు పార్లర్‌లో పెడిక్యూర్, ఆ తర్వాతే గోరింటాకు. గోరింటాకు పెట్టే రోజు పాదాలకు క్రీమ్, నూనె రాయకండి, సరిగ్గా పండదు. పండాక రాయి ముట్టొద్దు. అబ్బాయిలకూ ఇదే చెబుతున్నాను. కన్యాదానంలో అత్తమామలు కాళ్లు కడిగేటప్పుడు ఫొటోగ్రాఫర్ కెమెరా పెట్టేది మీ పాదాల మీదే.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదలుపెట్టిన రోజే కిటికీ దగ్గర రెండు మడమల ఫొటో తీసుకోండి. ప్రతి ఆదివారం అదే చోట, అదే వేళకు మళ్లీ తీయండి. రోజూ చూసుకునే కంటికి మార్పు తెలియదు.

దూది పరీక్ష ఇంకా సులువు. ఆరిన మడమ మీద చిన్న దూది ఉండను అంచు వెంబడి మెల్లగా లాగండి. పోగులు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఇంకా గరుకుంది, ఆ రాత్రి అక్కడ కాస్త ఎక్కువ రాయండి. పోగు చిక్కకుండా దూది జారిపోతే రుద్దడం ఇక వారానికి ఒక్కసారికి తగ్గించొచ్చు.

మొదటి మూడు రోజుల్లో బిగుతు తగ్గుతుంది, దుప్పటికి మడమ పట్టుకోవడం ఆగుతుంది. రెండు వారాలకు సన్న పగుళ్లు మూసుకుంటాయి. బాగా మందమైన మడమలకు నెల, నెలన్నర పడుతుంది. క్రమం తప్పకుండా చేసినా మూడు వారాలకు ఏ మార్పూ లేకపోతే అది ఒట్టి పొడి పగులు కాకపోవచ్చు, చర్మం డాక్టర్‌కి చూపించండి. థైరాయిడ్ తక్కువగా ఉన్నా ఒళ్లంతా ఇలాగే పొడిబారుతుంది.

తగ్గగానే మానేయడమే అందరూ చేసే ఆఖరి పొరపాటు. పది రోజులకు మళ్లీ మొదటికొస్తుంది. నునుపయ్యాక కూడా రోజూ రాత్రి క్రీమ్, వారానికి రెండు రాత్రులు వాజెలిన్, సాక్సులు కొనసాగించండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రోజూ సాక్సులు వేసుకోండి. ఇంట్లో గ్రానైట్ గచ్చు మీద తిరగడానికి మెత్తటి చెప్పులు విడిగా పెట్టుకోండి. ఈసారి విజయవాడ బీసెంట్ రోడ్డులో చెప్పులు కొనేటప్పుడు వెనక పట్టీ ఉన్నవి, మడమ మొత్తం చెప్పు మీదే పట్టేవి చూడండి. మడమ అంచు చెప్పు దాటి బయటికి వస్తే ఆ సైజు మీది కాదు.